లెక్కలోకి వచ్చినవారు, రానివారు: 2004 సునామీ సహాయ చర్యల చరిత్ర – ఒక పరిశీలన

ప్రకృతి వైపరీత్యాల చరిత్ర రచనలో సాధారణంగా రెండు అంశాలకు ప్రాధాన్యం ఉంటుంది. ఒకటి వైపరీత్య తీవ్రత, రెండోది దానివల్ల కలిగిన నష్టం. ఆ తర్వాత జరిగిన సహాయం చాలా రచనల్లో అనుబంధంగానే మిగిలిపోతుంది. ఎంత సొమ్ము వచ్చింది, ఎన్ని ఇళ్ళు కట్టారు అన్న వివరాలతో ఆ అధ్యాయం ముగుస్తుంది. కాని సహాయానికి కూడా ఒక చరిత్ర ఉంది. ఎవరిని బాధితులుగా గుర్తించారు, దేనిని నష్టంగా పరిగణించారు, ఆ నిర్ణయం ఎవరు చేశారు అన్న ప్రశ్నలతో ఆ చరిత్ర మొదలవుతుంది. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్ర తీర దేశాలను ముంచెత్తిన సునామీ అనంతర సహాయ చర్యలను ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ సహాయంలో ధనానికి కొరత లేదు. అయినా అది కొందరికి చేరి కొందరికి చేరకపోవడానికి ప్రధాన కారణం పంపిణీకి ఎంచుకున్న కొలమానాలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

తెలుగు తీరానికి సముద్రం పొంగి ఊళ్ళమీద పడటం కొత్త కాదు. 1864లో మచిలీపట్నాన్ని, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన విపత్తులను తెలుగువారు ‘ఉప్పెన’ అనే మాటతోనే గుర్తుంచుకున్నారు. ఆ ఉప్పెనలకు తుఫాను కారణం. గాలి, వాన, మబ్బు ముందుగా కనిపిస్తాయి. సునామీ స్వభావం వేరు. రేవు, అల అనే అర్థాలున్న రెండు జపాను మాటల కలయికతో ఏర్పడిన ఈ పదం 2004 తర్వాతే తెలుగులో సామాన్య వ్యవహారంలోకి వచ్చింది. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన, గాలి కూడా లేని వేళ వచ్చిపడిన ఆ నీటికి పాత మాట సరిపోలేదు.

ఆ రోజు భారత కాలమానం ప్రకారం ఉదయం సుమారు 6.29 గంటలకు ఇండోనేషియాలోని సుమత్రా ద్వీపపు వాయవ్య తీరానికి చేరువలో సముద్ర గర్భంలో భూకంపం సంభవించింది. దాని తీవ్రత 9.1గా నమోదైంది. భారత ఫలకం బర్మా ఫలకం కిందికి చొచ్చుకుపోయే చోట సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున భూమి చీలింది. అర్ధగంటలోపే ఆచే తీరాన్ని అలలు కబళించాయి. రెండు గంటలు గడిచాక అవి శ్రీలంకను, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ తీరాలను తాకాయి. పద్నాలుగు దేశాల్లో కలిపి సుమారు 2,27,000 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. వారిలో సుమారు 1,67,000 మంది ఇండోనేషియాకు, 35,000 మంది శ్రీలంకకు చెందినవారు. భారతదేశంలో మృతులు పదివేలు దాటారు. గల్లంతైన వేలాదిమందిలో ఎక్కువమంది నికోబార్ దీవులవారు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000కు పైగా ప్రాణాలు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద దాటింది. ఆనాడు పౌర్ణమి కావడంతో మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరానికి సముద్రస్నానానికి వచ్చినవారు కూడా ఆ మృతుల్లో ఉన్నారు.

తొలి గంటల సహాయం

విపత్తు సహాయం అనగానే సైనిక విమానాలు, వైద్య బృందాలు, ఓడలు మనసులో మెదులుతాయి. వాటి పాత్ర తక్కువేమీ కాదు. భారత నౌకాదళం స్వదేశ తీరంలో పనిచేస్తూనే పొరుగు దేశాలకూ తరలింది. శ్రీలంకకు ‘రెయిన్‌బో’, మాల్దీవులకు ‘కాస్టర్’, ఇండోనేషియాకు ‘గంభీర్’ అనే పేర్లతో సహాయ కార్యక్రమాలు నడిచాయి. సముద్ర సర్వేకు ఉద్దేశించిన ఐ.ఎన్.ఎస్. నిరూపక్ ఓడను ఆస్పత్రిగా మార్చి ఆచే తీరానికి పంపారు. తానూ బాధిత దేశమై ఉండి, తక్షణ సహాయం కోసం ఇతర ప్రభుత్వాలను అర్థించకుండా పొరుగువారికి తోడ్పడటం భారతదేశ విపత్తు సహాయ చరిత్రలో ఒక మలుపు. తర్వాతి దశలో పునర్నిర్మాణం కోసం ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల నిధులను మాత్రం స్వీకరించింది.

అయితే ప్రాణాలు నిలిపిన సహాయం ప్రధానంగా ఈ ఓడలు, విమానాలు రాకముందే జరిగింది. సహాయ చర్యలను సమీక్షించడానికి అంతర్జాతీయ సంస్థలు కలిసి ఏర్పరచుకున్న సునామీ మూల్యాంకన కూటమి 2006లో ప్రకటించిన నివేదిక ఈ విషయాన్ని స్పష్టం చేసింది. నీటిలో కొట్టుకుపోతున్నవారిని ఒడ్డుకు లాగినవారు, గాయపడినవారిని మోసుకెళ్ళినవారు, గుడిలో, మసీదులో, చర్చిలో, బడిలో చోటిచ్చి గంజి కాచి పోసినవారు ఇరుగుపొరుగు ఊళ్ళవారే. విదేశీ బృందాలు చేరేసరికి బతికించదగిన వారిలో ఎక్కువమందిని స్థానికులే బతికించుకున్నారు. ఈ తొలి సహాయానికి జాబితా లేదు, అర్హత పత్రం లేదు. ఎదురుగా ఉన్నవాడి అవసరమే అర్హత. జాబితాలు తర్వాత వచ్చాయి. సమస్యలు కూడా వాటితోనే వచ్చాయి.

దాత దృష్టి

సునామీ దృశ్యాలు ప్రపంచమంతటా టెలివిజన్ ద్వారా ఇళ్ళలోకి చేరాయి. అది క్రిస్మస్ సెలవుల కాలం. మృతుల్లో ఐరోపా పర్యాటకులు కూడా ఉన్నారు. విరాళాలు అంతకుముందెన్నడూ లేనంతగా వెల్లువెత్తాయి. మూల్యాంకన కూటమి అంచనా ప్రకారం అంతర్జాతీయ సహాయం సుమారు 1,350 కోట్ల అమెరికా డాలర్లకు చేరింది. అందులో దాదాపు 550 కోట్లు సామాన్య ప్రజలిచ్చినవి. బాధితుడొక్కరికి సగటున 7,100 డాలర్లకు పైగా సమకూరిందని ఆ కూటమి లెక్కగట్టింది. అదే 2004లో బంగ్లాదేశ్ వరదల బాధితులకు తలకు 3 డాలర్లే దక్కాయి. రెండు విపత్తులూ ఒకే సముద్రతీర ప్రాంతానివి, ఒకే సంవత్సరానివి. సహాయ పరిమాణాన్ని బాధితుడి అవసరంకంటే దాత చూసిన దృశ్యం ఎక్కువగా నిర్ణయించిందనడానికి ఈ అంతరమే నిదర్శనం.

వస్తు రూపంలో వచ్చిన సహాయంలో కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది. నాగపట్నం రహదారుల వెంట పాత బట్టలు గుట్టలుగా పేరుకుపోయాయి. వాడి వదిలిన దుస్తులు కట్టుకోవడం తమ గౌరవానికి భంగమని మత్స్యకార కుటుంబాలు వాటిని ముట్టలేదు. ఆ ప్రాంతపు కట్టుబొట్టుకు పనికిరాని ఉన్ని దుస్తులు కూడా ఆ గుట్టల్లో ఉన్నాయి. వాటిని తొలగించడం జిల్లా యంత్రాంగానికి మరో భారమైంది. ఇచ్చినవారి సద్భావాన్ని శంకించనక్కరలేదు. అయితే తీసుకునేవాడికి ఏది కావాలో అడగకుండా ఇచ్చిన వస్తువు అతడికి అవసరం తీర్చే వస్తువు కాలేదు.

ఈ గందరగోళాన్ని చక్కదిద్దడానికి నాగపట్నంలో జరిగిన ప్రయత్నం ప్రత్యేకంగా పేర్కొనదగినది. దక్షిణ భారత మత్స్యకారుల సంఘాల సమాఖ్య, ‘స్నేహ’ అనే స్థానిక సంస్థ కలిసి 2005 జనవరి తొలినాళ్ళలోనే జిల్లా యంత్రాంగం తోడ్పాటుతో ఒక సమన్వయ కేంద్రాన్ని నెలకొల్పాయి. ఏ ఊళ్ళో ఏ లోటు ఉందో సేకరించి, వచ్చిన సంస్థలకు ఆ సమాచారం అందించడం దాని పని. ఇచ్చేవారిని అవసరం ఉన్నచోటికి నడిపించిన ఈ ఏర్పాటు తర్వాతి విపత్తు నిర్వహణ చర్చల్లో ఉదాహరణగా నిలిచింది.

పంపిణీ కొలమానాలు: నాగపట్నం తీరం

కోరమాండల్ తీరంలో పట్టినవర్ మత్స్యకారుల ఊళ్ళకు సొంత పాలనా సంప్రదాయం ఉంది. ఊరి పెద్దలతో కూడిన పంచాయతీ వేట నియమాలను, తగవులను, ఉత్సవాలను నిర్వహిస్తుంది. పెళ్ళయిన ప్రతి పురుషుడూ ఊరి ఉమ్మడి నిధికి పన్ను చెల్లిస్తాడు. ఆ పన్నును ‘వరి’ అంటారు. ఊరికి దక్కే ఉమ్మడి రాబడిలో వాటా కూడా వరి చెల్లించే కుటుంబానికే వస్తుంది. సునామీ తర్వాత సహాయ సామగ్రిని చాలాచోట్ల ఈ పంచాయతీలకే అప్పగించారు. వారు దానిని పోగుచేసి వరి లెక్కన సమానంగా పంచారు.

ఈ పద్ధతిలో గుణం ఉంది. లారీల వెంట పరుగెత్తగలిగిన వాడికే ఎక్కువ దక్కే దుస్థితి తప్పింది. దారికి దగ్గరగా ఉన్నవాడూ దూరంగా ఉన్నవాడూ సమానమయ్యారు. బయటి సంస్థలకు నెలలు పట్టే పని రోజుల్లో జరిగింది. దోషం కూడా ఆ కొలమానంలోనే ఉంది. వరి పురుషుడి పేరున ఉంటుంది కనుక భర్తను కోల్పోయిన స్త్రీ, ఒంటరి స్త్రీ పూర్తి వాటాదారు కాలేకపోయిన సందర్భాలున్నాయి. ఒడ్డున చేపలు కొని గంపకెత్తుకొని ఊరూరా అమ్మే స్త్రీల పెట్టుబడి ఆ రోజే నీటిపాలైనా, వారి వ్యాపారం ఏ పట్టికలోనూ నష్టంగా నమోదు కాలేదు. ఊరి వెలుపల నివసించే దళిత కూలీలు, ఇరుళ గిరిజనులు వరి వ్యవస్థకు పూర్తిగా బయటివారు. చేపల రేవులో మోత పని, ఉప్పుమళ్ళలో పని, ఉప్పునీరు చేరి చౌడుబారిన పొలాల్లో కూలిపని పోగొట్టుకున్న ఈ కుటుంబాలు ‘సముద్రం మీద బతికేవారు కారు’ అన్న కారణంతో తొలి జాబితాల్లో చోటు పొందలేదు. శవాలను తొలగించే పనికి మాత్రం ఇతర పట్టణాల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. వారిలో అత్యధికులు దళితులు. పనికి గుర్తొచ్చినవారు పంపకంలో గుర్తుకు రాలేదు.

పడవల పంపిణీ ఇందుకు మరో పార్శ్వం. పడవ పోయినవాడికి పడవ ఇవ్వడం దాతకు సులభంగా అర్థమయ్యే పని. దానిమీద సంస్థ పేరు రాయవచ్చు, ఛాయాచిత్రం తీసుకోవచ్చు. స్వచ్ఛంద సంస్థలు పోటీపడి ఫైబర్ పడవలు పంచాయి. తమిళనాడులోనూ శ్రీలంకలోనూ కొన్నిచోట్ల సునామీకి ముందున్న వాటికంటే పడవల సంఖ్య పెరిగింది. కొన్ని సంస్థలు నలుగురైదుగురు కూలీలకు ఉమ్మడిగా ఒక పడవ ఇచ్చి, అంతవరకు వాటాకు పనిచేసినవారిని యజమానులను చేశాయి. అది మెచ్చదగిన ఆలోచన. అయితే పడవలు పెరిగినంత మాత్రాన సముద్రంలో చేపలు పెరగవు. ఒడ్డున వల బాగుచేసేవారి, చేపలు ఎండబెట్టేవారి బతుకు ఈ పంపిణీలో ప్రస్తావనకు రాలేదు.

ఇంటి విషయంలో తమిళనాడు ప్రభుత్వం 2005 మార్చిలో వెలువరించిన 172వ నంబరు ఉత్తర్వు కీలకమైనది. తీరానికి 200 మీటర్ల లోపు ఉన్నవారు కొత్త స్థలానికి తరలితే ఇల్లు లభిస్తుంది. పాతచోటనే ఉండదలిస్తే మరమ్మతు వారి సొంత ఖర్చు. భద్రత దృష్ట్యా ఈ నిబంధనకు హేతువు ఉంది. కాని ఒడ్డున నిలబడి అల వాటం, గాలి వాటం చూసి వేటకు వెళ్ళాలా వద్దా అని నిర్ణయించుకునే వృత్తికి ఇంటికీ సముద్రానికీ మధ్య దూరం కేవలం మీటర్ల లెక్క కాదు. కొత్త ఇళ్ళను భార్యాభర్తల ఉమ్మడి పేరున నమోదు చేయాలన్న నిర్ణయం మాత్రం వరి లెక్కలో లేని స్త్రీని ఆస్తి పత్రంలోకి తెచ్చింది. కొలమానం మారితే లబ్ధిదారు మారతారనడానికి ఇది మంచి ఉదాహరణ.

నికోబార్‌లో ఇదే సమస్య తలకిందులుగా ఎదురైంది. నికోబారీల సామాజిక జీవనానికి ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబం ఆధారం. కొబ్బరి తోట, పందులు, ఇల్లు తుహెత్‌వే. పరిహారం మాత్రం వ్యక్తుల బ్యాంకు ఖాతాల్లో పడింది. ఇళ్ళు భార్యాభర్తలు, పిల్లలు ఉండే చిన్న కుటుంబాల కొలతతో కట్టారు. నగదు వాడకం అంతగా లేని సమాజంలోకి ఒక్కసారిగా వచ్చిన ఈ సొమ్ము ఉమ్మడితనాన్ని సడలించింది. నాగపట్నంలో సంప్రదాయ కొలమానం కొందరిని వెలివేస్తే, నికోబార్‌లో సంప్రదాయాన్ని పట్టించుకోని కొలమానం సమాజాన్నే చీల్చింది. కనుక స్థానిక వ్యవస్థను యథాతథంగా అంగీకరించడం, పూర్తిగా విస్మరించడం అనే రెండు మార్గాలూ అసంపూర్ణమే.

ఆచే, శ్రీలంక: సహాయం – రాజకీయం

అంతర్యుద్ధం నడుస్తున్న రెండు ప్రాంతాలను సునామీ ఒకేరోజు తాకింది. ఫలితాలు భిన్నంగా వచ్చాయి. ఆచేలో ఇండోనేషియా ప్రభుత్వానికీ స్వతంత్ర ఆచే ఉద్యమానికీ మధ్య 2005 ఆగస్టు 15న హెల్సింకీలో శాంతి ఒప్పందం కుదిరింది. సునామీయే దానికి ఏకైక కారణమనలేము. అంతకుముందే ఉభయపక్షాలూ చర్చలవైపు మొగ్గుతున్నాయి. అంతవరకు మూసి ఉన్న ప్రాంతం సహాయ సంస్థల రాకతో ప్రపంచం దృష్టికి రావడం ఆ ప్రక్రియను వేగవంతం చేసింది. శ్రీలంకలో ప్రభుత్వం, తమిళ పులులు కలిసి ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో సహాయ నిధులు పంచుకునే ఒప్పందం 2005 జూన్‌లో జరిగింది. దానికి నిరసనగా ఒక భాగస్వామ్య పక్షం ప్రభుత్వం నుంచి వైదొలగింది. జూలైలో సుప్రీం కోర్టు అందులోని ముఖ్యాంశాలను నిలిపివేసింది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ యుద్ధం మొదలైంది. సహాయ నిధి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న అక్కడ సార్వభౌమాధికార ప్రశ్నగా మారింది.

పునర్నిర్మాణ విధానాల్లో కూడా లెక్కకు బయట ఉండిపోయినవారు కనిపిస్తారు. శ్రీలంకలో తొలుత దక్షిణ, పశ్చిమ తీరాల్లో 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల్లో 200 మీటర్ల మేర ఇళ్ళు కట్టరాదన్నారు. పర్యాటక హోటళ్ళకు సడలింపు ఇవ్వడం తీవ్ర విమర్శకు గురైంది. ఆచేలో పునర్నిర్మాణ సంస్థ 2005 నుంచి 2009 వరకు పనిచేసింది. ఆ కాలంలో సుమారు 1,40,000 ఇళ్ళు లేచాయి. కాని తొలి విధానం సొంత స్థలం ఉన్నవారికే ఇల్లు ఇచ్చింది. అద్దెకున్నవారు ప్రాణం తప్ప సర్వం పోగొట్టుకున్నా ఇంటికి అర్హులు కాలేదు. వారు సంఘటితంగా అడిగిన తర్వాతే విధానం మారింది. మరోవైపు, గుర్తులు చెరిగిపోయిన స్థలాలకు గ్రామస్తులే కలిసి కూర్చొని పరస్పర అంగీకారంతో సరిహద్దులు నిర్ణయించుకొని, ఆపైన ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన పద్ధతి అక్కడి సహాయ చరిత్రలో ఆదర్శప్రాయమైనది.

స్త్రీల మరణాల సంగతి ఇక్కడ ప్రస్తావించాలి. ఆక్స్‌ఫామ్ సంస్థ 2005 మార్చిలో ఆచే బెసార్ జిల్లాలోని నాలుగు గ్రామాలను పరిశీలించింది. బతికి బయటపడిన 676 మందిలో స్త్రీలు 189 మందే. పురుషులు సముద్రంలోపల వేటలోనో, పొరుగూళ్ళలో పనిలోనో ఉండటం, స్త్రీలు ఒడ్డున ఇళ్ళలో పిల్లలతో ఉండటం, ఈత, చెట్లెక్కడం వారికి నేర్పకపోవడం ఇందుకు కారణాలు. మరణంలో వివక్ష చూపిన సామాజిక స్థితే సహాయంలో కూడా కొనసాగింది.

జ్ఞాపకం, హెచ్చరిక

సహాయం విపత్తు తర్వాతే మొదలవుతుందన్న భావనను ప్రశ్నించే ఉదాహరణ సిమెలూ ద్వీపం. భూకంప కేంద్రానికి అతి చేరువలో ఉన్న ఈ ద్వీపంలో దాదాపు 78,000 జనాభాకు ఏడుగురు మాత్రమే చనిపోయారు. 1907లో వచ్చిన సునామీలో ఆ దీవివారు ఎందరినో కోల్పోయారు. ఆ అనుభవాన్ని ‘స్మోంగ్’ అనే పేరుతో తరతరాలుగా కథగా, పాటగా పిల్లలకు చెప్పుకొచ్చారు. గట్టిగా భూమి కంపించి, సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కాలన్నది దాని సారాంశం. ఉత్తర తీరానికి పది నిమిషాల్లోపే అల వచ్చింది. ఏ యంత్రమూ అంత త్వరగా వారికి కబురు చేర్చగలిగేది కాదు. మౌఖిక సాహిత్యం సామాజిక రక్షణ సాధనంగా పనిచేసిన ఈ సందర్భం సాహిత్య పరిశోధకులకు కూడా ఆలోచనీయం. ఇందుకు భిన్నంగా 1881లో నికోబార్ భూకంపం వల్ల పుట్టిన సునామీని బంగాళాఖాతపు రేవుల్లోని అలల మట్టం కొలిచే పరికరాలు నమోదు చేశాయి. ఆ సమాచారం కాగితాల్లో ఉండిపోయింది, జనం నోట నిలవలేదు.

2004 అనుభవం నుంచి భారతదేశంలో రెండు వ్యవస్థలు రూపుదిద్దుకున్నాయి. 2005 డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2007 అక్టోబరు 15న హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న తెలుగు నగరం నుంచి హిందూ మహాసముద్ర దేశాలకు హెచ్చరికలు వెళ్తున్నాయి. అయితే హెచ్చరిక కేంద్రం నుంచి బయలుదేరిన సందేశం ఒడ్డున వల విప్పుతున్న మనిషికి చేరి, అతడు నమ్మి కదిలితేనే దానికి సార్థకత. ఈ చివరి అంచెను పటిష్ఠం చేసుకున్నందుకు 2020లో ఒడిశాలోని వెంకటరాయపూర్, నొలియాసాహి గ్రామాలు సునామీ సంసిద్ధ గ్రామాలుగా యునెస్కో గుర్తింపు పొందాయి. ఒడిశా తీరంలో తెలుగు మూలాలున్న మత్స్యకారులకు నొలియాలన్న వ్యవహారం ఉంది. రెండో గ్రామం పేరులో ఆ మాటే వినిపిస్తుంది.

ముగింపు

2004 సునామీ సహాయ చర్యలను విజయమనో వైఫల్యమనో ఒక్క మాటలో తేల్చడం సాధ్యం కాదు. పెద్దఎత్తున అంటువ్యాధులు ప్రబలలేదు, ఆకలి చావులు సంభవించలేదు, లక్షలాది కుటుంబాలకు గూడు ఏర్పడింది. ఇవి సామాన్యమైన ఫలితాలు కావు. అదే సమయంలో వరి చెల్లించని స్త్రీ, పడవ లేని కూలీ, సొంత స్థలం లేని అద్దెదారు, తుహెత్‌లో తప్ప విడిగా ఆస్తి ఎరుగని నికోబారీ సహాయ పట్టికల్లో ఇమడలేకపోయారు. వారిని ఎవరూ ఉద్దేశపూర్వకంగా తొలగించనవసరం లేకపోయింది. పట్టిక గీసిన తీరే ఆ పని చేసింది.

పట్టికలను ప్రశ్నించినచోట అవి మారాయి కూడా. ఆచే అద్దెదారుల ఆందోళన, తమిళనాడులో ఉమ్మడి పేరుతో ఇంటి నమోదు, నాగపట్నం సమన్వయ కేంద్రం ఇందుకు సాక్ష్యాలు. కాబట్టి విపత్తు సహాయాన్ని అధ్యయనం చేసేవారు విరాళాల మొత్తంతోపాటు లబ్ధిదారుల జాబితా ఎలా తయారైందో, దాన్ని ఎవరు తయారుచేశారో, అభ్యంతరం చెప్పే అవకాశం ఎవరికి దక్కిందో పరిశీలించాలి. దివిసీమ మొదలు తెలుగు తీరం చూసిన ఉప్పెనల సహాయ చరిత్రను కూడా ఈ కోణంలో తిరిగి చదవవలసిన అవసరం ఉంది. చనిపోయినవారి సంఖ్యను నమోదు చేసుకున్న చరిత్ర, బతికి ఉండి కూడా లెక్కకు రానివారి వివరాలను ఇకనైనా సేకరించాలి.